పెద్దమ్మకు మాట తెలియలేదు



ఈ నెల కుటుంబ ప్రార్థనను గురించి వ్రాయాలనుకున్నాను. మా సంఘములోని ఒక పెద్దమ్మ ఆ తలంపును మార్చివేసింది. కాబట్టి ఈసారి చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్లను గురించి వ్రాస్తున్నాను. పాస్టరుగారికి ఈ సంగతులెందుకని నవ్వుకోకండి. చదివిన తరువాత నవ్వుకోవచ్చు.

పెద్దమ్మకు డెబ్బది ఏండ్లు దాటినవి. అక్షరము రాదు. కొడుకు మన ప్రాంతపు అనేకమంది బిడ్డలవలె పనికోసము చెన్నై వెళ్లి అక్కడే ఉంటున్నాడు. నిరుడు పండుగకు వచ్చినప్పుడు ఆమెకు ఒక ఫోను కొని, అందులో తెలుగు ఆడియో బైబిలు వేసి ఇచ్చాడు. అంతవరకు మనుమరాలు బడినుంచి వచ్చి చదివితేనే ఆమెకు వాక్యము. ఫోను వచ్చాక తెల్లవారుజామునే పొయ్యి దగ్గర కూర్చుని సువార్తలు వినేది. పసివాడు నిద్ర లేస్తున్నాడని కోడలు చెప్పినందున కొడుకు ఇయర్‌ఫోన్లు పంపించాడు. కష్టము అక్కడ మొదలైంది.

రెండు నెలల తరువాత ఒక ఆదివారము ఆరాధన ముగిశాక ఆమె నా దగ్గరకు వచ్చింది. "అయ్యగోరూ, ఆ గొట్టంలోంచి డుబుక్కు డుబుక్కుమని వొస్తాది గానీ ఒక్క మాట తెల్డం నేదండి. ఫోను పెట్లో పెట్టేసినాను. దేవుడే నాకు సెవులు మూసేసినాడేటండి?" అన్నది.

విశ్వాసము వినుటనుండి పుట్టునని పౌలు రోమీయులకు వ్రాసిన సంగతి (10:17) నేను ఎన్నోసార్లు ప్రసంగించాను. వినబడని వారి మాటేమిటని ఒక్కనాడూ ఆలోచించలేదు. ఆ మధ్యాహ్నమే ఆమె ఇంటికి వెళ్లాను.

ఇయర్‌ఫోను నా చెవిలో పెట్టుకుని విన్నాను. చదివేవారి గొంతు కుండలోనుంచి వచ్చినట్లున్నది. అట్టపెట్టె మీద బాస్ ఎక్కువని గొప్పగా వ్రాసి ఉన్నది. అది చాలదన్నట్లు, మనుమడు సినిమా పాటల కోసము ఫోనులోని ఈక్వలైజరులో 'బాస్ బూస్ట్' పెట్టి వదిలేశాడు. లావు శబ్దము మీద మరింత లావు శబ్దము! నేను తెలివి ప్రదర్శించి, బజారునుంచి 150 రూపాయలకు వేరొకటి కొని తెచ్చి ఇచ్చాను. అది మొదటిదానికంటె అధ్వాన్నము. అప్పుడు గాని తెలిసిన వారిని అడగాలన్న బుద్ధి పుట్టలేదు. అలా అడిగి, చదివి, చెవులతో పరీక్షించి తెలుసుకున్నవి మీకు చెప్తున్నాను.

మనిషి మాటలో రెండు భాగములున్నవి. అ, ఆ, ఓ వంటి అచ్చులలో బలముంటుంది. అవి లావు శబ్దములు. స, శ, త, ప, క వంటి హల్లులు సన్నని, బలహీనమైన శబ్దములు. మాటకు అర్థమిచ్చేవి ఎక్కువగా ఈ సన్ననివే. పాపము, శాపము, తాపము – ఈ మూడింటికీ తేడా మొదటి హల్లు ఒక్కటే కదా! శబ్దపు సన్నదనమును హెర్ట్జ్‌లలో కొలుస్తారు. ఆరోగ్యముగా ఉన్న పడుచు చెవి సుమారు 20 నుండి 20,000 హెర్ట్జ్‌ల వరకు వింటుంది. మాట స్పష్టత ఎక్కువగా 2,000 నుండి 4,000 మధ్యన, ఆపైన ఉంటుంది. బాస్ అనేది 250కి దిగువన. లావు శబ్దము మరీ ఎక్కువైతే సన్నని శబ్దమును కప్పివేస్తుంది. వయసు మీరినకొద్దీ మన చెవి మొదట పోగొట్టుకునేది కూడా సన్నని శబ్దములనే. కనుకనే పెద్దవారు "వినబడుతున్నది గాని తెలియడము లేదు" అంటారు. మనము విసుక్కుంటాము. వారు చెప్పేది అక్షరాలా నిజము.

ఇక కొనే విషయము. మాట వినడానికి వేలు పోయనక్కరలేదు. 400 నుండి 800 రూపాయల లోపు వైరున్న ఇయర్‌ఫోను చాలు. పెట్టె మీది '20–20,000 హెర్ట్జ్' అన్న అంకెను నమ్మకండి. దాదాపు ప్రతి పెట్టె మీదా అదే ఉంటుంది. లోపలి డ్రైవరు 10 మిల్లీమీటర్లా, 12 మిల్లీమీటర్లా అన్నదానిని బట్టి కూడా మంచిచెడ్డలు తేలవు. పెట్టెలో చిన్న, మధ్య, పెద్ద సైజులలో మూడు జతల రబ్బరు టోపీలున్నాయా అని చూడండి. అవి లేనిది కొనవద్దు.

ఎందుకంటే ఈ పరికరము చెవి రంధ్రమును గాలి చొరకుండా మూసినప్పుడే సరిగా పలుకుతుంది. టోపీ వదులైతే లావు శబ్దమంతా బయటికి పోయి, కీచుగా వినిపిస్తుంది. అప్పుడు మనము "ఇది మంచిది కాదు" అనుకుని శబ్దము పెంచుతాము, లేదా ఈక్వలైజరు జోలికి పోతాము. తప్పు టోపీలో ఉన్నది. పెట్టుకుని నోటితో ఒక మాట అనండి. మీ గొంతు మీకే తలలో గుమ్మని మ్రోగితే సరిగా అమరినట్లు. రెండు చెవులకు రెండు సైజులు కావలసిరావచ్చు, అందులో వింత లేదు. ఇంటిల్లిపాదీ ఒకే జత వాడకండి. టోపీలు తీసి సబ్బునీటితో కడిగి, బాగా ఆరిన తరువాతనే తిరిగి పెట్టండి.

అంగడిలో పరీక్షించేటప్పుడు సినిమా పాట వద్దు. పురుషోత్తమ చౌదరిగారి (1803–1890) కీర్తన అయినా వద్దు. కంఠతా వచ్చిన పాటలో వినబడని మాటను మన జ్ఞాపకమే నింపివేస్తుంది. మొదటి దినవృత్తాంతముల గ్రంథము మొదటి అధ్యాయము పెట్టుకుని వినండి. ఆ పేర్లను ఎవరూ ఊహించలేరు! అవి తేటగా తెలిస్తే ఆ ఇయర్‌ఫోను మంచిదే. ఇంతకాలము ఆ అధ్యాయమును దాటవేసి చదివిన నాకు దాని ఉపయోగమొకటి ఇలా తెలిసింది.

వైరు లేని బ్లూటూతువి ఇప్పుడు అందరి చెవులలోనూ ఉన్నవి. పడుచువారు కొనుక్కోనీయండి. పెద్దవారికి మాత్రము నేను వైరుదే చెప్తాను. దానికి వేరే చార్జింగు అక్కరలేదు, పొలములో జారిపడి పోదు, లోపల బ్యాటరీ చచ్చిపోయేది లేదు. ఎఫ్.ఎం. రేడియో ఉన్న ఫోనులో ఆ వైరే ఏరియలుగా పనిచేస్తుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరము దాటిన తరువాత ఉద్దానములో ఎన్ని దినములు కరెంటు లేదో అక్కడివారు మరువలేదు. అయితే కొనకముందు మీ ఫోనుకు గుండ్రని రంధ్రమున్నదో, టైప్–సి మాత్రమే ఉన్నదో చూసుకోండి.

ఇప్పుడు ఈక్వలైజరు. దూరపు టెలిఫోను తీగలలో సన్నని శబ్దములు అరిగిపోతుంటే, వాటిని తిరిగి సమము చేయడానికి ఇంజనీర్లు కల్పించిన ఏర్పాటు నుంచి దానికి ఆ పేరు వచ్చింది. సమము చేయుట దాని పని. మన పిల్లలు దానిని ఎగుడుదిగుడు చేయడానికి వాడుతున్నారు. చాలా ఆండ్రాయిడు ఫోన్లలో అయిదు గీతలు కనబడతాయి: 60, 230, 910, 3,600, 14,000. మంచి ఇయర్‌ఫోను సరిగా అమరితే ఈ గీతలన్నీ మధ్యలోనే ఉంచండి, దానిని ముట్టుకోకపోవడమే మేలు. మాట మూసుకుపోయినట్లుంటే పైకి జరపకండి, క్రిందికి జరపండి. 60ని, 230ని కొంచెము తగ్గించి చూడండి. రేకుల షెడ్డు మందిరములో రికార్డు చేసిన ప్రసంగములకు ఇది బాగా పనిచేస్తుంది. ఆ గుమగుమ తగ్గి బోధకుని మాట బయటపడుతుంది. గీతలన్నీ పైకి నెట్టితే శబ్దము పగిలి గరగరమంటుంది, చెవికీ చేటు. ఏలీయాతో దేవుడు గాలిలోను భూకంపములోను మాట్లాడలేదు గాని వాటి తరువాతి మెల్లని స్వరములో మాట్లాడాడు. మా యౌవనస్థులకు బాస్ గురించి చెప్పేటప్పుడు ఈ ఉదాహరణ వాడుతున్నాను. వారు మర్యాదకు నవ్వుతున్నారు.

పెద్దమ్మ సంగతికి వస్తాను. ఆమెకు చిన్న టోపీలు పెట్టి, బాస్ తగ్గించాము. ఎంతో మెరుగైంది. కాని ఎడమ చెవిలో తక్కువగానే ఉన్నదన్నది. ఈక్వలైజరుతో ఇంకేమి చేయాలా అని నేను ఆలోచిస్తుంటే నా భార్య, "ముందు ఆమె చెవి చూపించండి" అన్నది. శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులు రెండింటిలోను చెవి, ముక్కు, గొంతు డాక్టర్లున్నారు. తీసుకువెళ్లాము. ఎడమ చెవిలో గుబిలి గట్టిపడి ఉన్నది. ఇయర్‌ఫోను దానిని మరింత లోపలికి నెట్టినదట! తీసివేశారు. వినికిడి పరీక్ష చేస్తే సన్నని శబ్దములు రెండు చెవులకూ తగ్గినట్లు, ఎడమకు మరింత తగ్గినట్లు తేలింది.

60 ఏండ్లు దాటిన ప్రతి నలుగురిలో ఒకరికంటె ఎక్కువమందికి ఇబ్బంది పెట్టేంత వినికిడి లోపమున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తున్నది. ఈక్వలైజరు వినికిడి యంత్రము కాదు. ఆ యంత్రమును డాక్టరే చెవిని పరీక్షించి నిర్ణయించాలి. 2017లో మన నెల్లూరులోనే ప్రారంభించిన రాష్ట్రీయ వయోశ్రీ యోజనలో పేద వృద్ధులకు ఇచ్చే వస్తువులలో అది కూడా ఉన్నది. మీ సచివాలయములో అడిగి చూడండి. ఒక చెవి బలహీనమైన వారికి ఫోనులో మరొక సహాయమున్నది. సెట్టింగులలో యాక్సెసిబిలిటీలోనికి వెళ్లి 'మోనో ఆడియో' పెడితే, రెండు వైపులా విడివిడిగా వచ్చే శబ్దము కలిసి రెండింటిలోను వస్తుంది. మంచి చెవికి ఏ మాటా తప్పిపోదు.

పడుచువారికి ఒక లెక్క చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము పెద్దవారు 80 డెసిబెళ్ల శబ్దమును వారమునకు 40 గంటలు వినవచ్చు. 3 డెసిబెళ్లు పెరిగిన ప్రతిసారీ ఆ కాలము సగమవుతుంది. 101కి చేరేసరికి వారమంతటికీ మిగిలేది సుమారు 19 నిమిషాలే. ఫోను శబ్దమును 60 శాతము దాటనీయకండి. చెవిలో ఈల వేసినట్లు మ్రోగితే అది హెచ్చరిక. లోపలి సన్నని రోమకణములు చచ్చిన తరువాత తిరిగి మొలవవు. పిల్లలకు చెప్పేటప్పుడు నాకు సిగ్గు వేస్తుంది. క్రిస్మసు రాత్రి మన మందిరములో పెట్టే పెద్ద బాక్సుల ప్రక్కన చంటిబిడ్డలను ఎత్తుకుని తల్లులు కూర్చుంటారు. ఆ బాక్సులు పెట్టించినది నేనే. ఈ సంవత్సరము వాటిని తగ్గించమని సంఘ పెద్దలను అడిగాను. ఇంకా ఒప్పుకోలేదు.

మరొక మాట. ఇచ్ఛాపురము, పలాస, ఆమదాలవలస, చీపురుపల్లి, విజయనగరము – ఈ రైలుమార్గము ప్రక్కన మన ఊళ్లు ఎన్నో ఉన్నవి. పట్టాలు దాటేటప్పుడు, సైకిలు మీద, బండి మీద రెండు చెవులూ ఖాళీగా ఉండాలి.

పెద్దమ్మ ఫోను పెట్టెలోనుంచి బయటికి వచ్చింది. పోయిన ఆదివారము ఆరాధన తరువాత గుమ్మము దగ్గర నా కోసము నిలబడి ఉన్నది. ఎవరూ వినకుండా దగ్గరకు పిలిచి, "అయ్యగోరూ, ఇయ్యాల మీరు సదివిన వచనంలో ఒక మాట ఒగ్గీసినారండి" అన్నది. ఇంటికి వచ్చి బైబిలు తీసి చూసుకున్నాను. నిజమే.