భయమును పాడువాడు పిరికివాడా?

శంషాబాదు విమానాశ్రయము 2008 మార్చిలో తెరువబడినది. చదువులకై, కొలువులకై పరదేశములకు పోవు బిడ్డలను సాగనంపుటకు కుటుంబములు అచ్చటికి వచ్చును. పోవువాడు నవ్వును, పంపువారును నవ్వుదురు. గుండెలోని బెదురును ఎవరును పైకి చెప్పరు. చెప్పినచో పిరికితనమందురని శంక.

అట్లు దాచుకొన్న బెదురునే కొందరు యువగాయకులు నేడు పాటగా కట్టుచున్నారు. పెద్ద కంపెనీల ప్రాపు కోరక, తమ పాట తామే వ్రాసి గిటారుపై పాడుకొను ఈ పద్ధతికి పాశ్చాత్యులు 'ఇండీ రాక్' అని పేరిడిరి. అమెరికా గాయకుడు ఎలియట్ స్మిత్ 1997లో వెలువరించిన 'ఐదర్ ఆర్' అను సంపుటము, గొంతెత్తకయే మనోవ్యథను వినిపించినది.

ఇట్టి పాటలను విని, ఇది పరాయి సరకు, చేతగానివాని ఏడుపు అని పెదవి విరుచువారు కలరు. వారు శంషాబాదు నుండి ఒకమారు గోలకొండకు పోయి రావలెను. సర్కారు సొమ్ముతో భద్రాద్రి రామునకు గుడి కట్టించెనను అభియోగముపై పాల్వంచ తహసీలుదారు కంచర్ల గోపన్న, 1672లో గద్దెనెక్కిన తానీషా ఏలుబడిలో, ఆ కోటయందే చెరబడెను. ఆ రామదాసు తన కీర్తనలలో ధైర్యము నటింపలేదు. 'ఇక్ష్వాకు కులతిలక' యందు నగనగకును వెల చెప్పి రాముని నిలదీసెను. వెంటనే, దెబ్బలకోర్వలేక తిట్టితినని మన్నింపు వేడెను. పద్దులు వ్రాసిన ఉద్యోగి గనుక భయమందును పద్దులే పాడెను. భయము, కినుక, సిగ్గు ఒక్క కీర్తనలో ఇమిడినవి. తరతరములుగా తెలుగునాడు దానిని పాడుచునే యున్నది. అతనిని పిరికియని ఎవరును అనలేదు.

అయితే ఏడ్చినదెల్ల పాట కాదు. రామదాసు నిలిచినది బాధపడినందున మాత్రమే కాదు. ఆ బాధను రాగతాళములకును, ఇంటి మాటకును ఒదిగించినందున. తెలుగు యువకుడును ఆంగ్లగీతముల నీడను వీడి, తన ఇంటి మాటలో తన బెదురును పాడినపుడే ఆ పాట నిలుచును.

మరియొక భేదము కలదు. రామదాసు మొర వినుటకు రాముడున్నాడను నమ్మకముండెను. నేటి గాయకులలో పెక్కురకు ఎదుట కూర్చున్న అపరిచితుడే దిక్కు. కావున భారము శ్రోతపైనను పడినది. "నీకేమి తక్కువ?" అని నోరు మూయింపక, పాట ముగియువరకు వినుట పెద్దల విధి. వినువాడు దొరికిన భయము సగము తీరును. దొరకని భయము మనిషినే తినును.