జీనా ఎక్కనోళ్లు మొహల్లా గురించి మాట్లాడొద్దు

పోయిన రంజాన్‌కు వారం ముందు మా మొహల్లా కమిటీ కూర్చుంది. రేషన్ కిట్ల లిస్టు చదువుతున్నారు. బియ్యం, నూనె, కందిపప్పు, చక్కెర, సేమియా. ఏటా చదివే పేర్లే. చదవడం అయిపోయాక ముతవల్లీ సాబ్ తలెత్తి, "ఎవరన్నా మిగిలిపోయినారా?" అన్నారు. అందరూ నా దిక్కు చూశారు. ఇరవై ఏళ్లుగా పేపర్లకు రాసేవాణ్ణి, చెన్నూరులోనే పుట్టి పెరిగినవాణ్ణి కదా! నేను కూడా పెద్దమనిషిలా గొంతు సవరించుకున్నాను. "ఎవరూ మిగల్లేదు భాయ్. మన మొహల్లా నాకు కొట్టిన పిండి" అన్నాను.

బయటికొచ్చి చెప్పులేసుకుంటుంటే గేటు దగ్గర నిలబడున్న ఒక ముసలి ఖాలా నన్ను ఆపింది. లోపలి మాట ఆమెకు వినబడింది. "జీనా చఢ్‌కో దేఖ్యా క్యా బేటా?" అంది. మెట్లెక్కి చూసినావా నాయనా అని. నాకు జవాబు రాలేదు. ఆమె తనకోసం రాలేదు. తన ఇంటి పక్క మిద్దె మీద ఉండే ఒక ఆడమనిషి కోసం వచ్చింది. ఆమె పేరు మా లిస్టులో లేదు, నా బుర్రలోనూ లేదు. ఆ మిద్దె కింద ఉన్న అంగట్లో నేను పదిహేనేళ్లుగా సిగరెట్లు కొంటున్నాను.

మా ఇళ్లల్లో మెట్లను జీనా అంటాం. ఉర్దూలో మెట్ల జీనా 'జే'తో మొదలవుతుంది, బతకడం అనే జీనా 'జీమ్'తో. ఉర్దూ మీడియంలో ఈ రెండూ కలిపి రాస్తే మా ఉస్తాద్ చెవి మెలిపెట్టేవారు. తర్వాత తెలుగులో డిగ్రీ చదివాను. తెలుగులో రెండింటికీ ఒకటే అక్షరం. ఆ రోజు ఖాలా ఏ జీనా గురించి అడిగిందో గానీ, నాకు రెండూ తెలియవని మాత్రం తేలిపోయింది.

ఆ తెల్లారి నుంచి నడవడం మొదలుపెట్టాను. అసర్ నమాజ్ అయ్యాక ఇంటి నుంచి బయలుదేరి మగ్రిబ్ అజా వినబడేదాకా. షరతు ఒకటే. ఏ గల్లీనీ సగంలో వదలకూడదు, ఏ జీనానూ కింద నిలబడి చూసి "ఆఁ, తెలిసిందిలే" అనకూడదు. ఇరవై రెండు సాయంత్రాలు పట్టింది. చెన్నూరు పెద్ద ఊరేం కాదు. ఒక పక్క పెన్న, ఇంకో పక్క కడప నుంచి మైదుకూరు దిక్కు పోయే హైవే, మూతబడిన చక్కెర ఫ్యాక్టరీ. బస్సులో పోతే రెప్పపాటులో దాటిపోతుంది. ఆ రెప్పపాటు ఊరిని నడిచి చూడ్డానికి నాకు ఇరవై రెండు రోజులు కావాల్సి వచ్చింది.

రెండో రోజే ఇబ్బంది ఎదురైంది. ఒక మెట్ల దగ్గర నిలబడి సలాం చెబితే పైనుంచి ఆడగొంతు, "ఇంట్లో మగోళ్లు లేరు భాయ్" అంది. తిరిగొచ్చాను. తర్వాతి మెట్ల దగ్గరా అదే మాట. అప్పుడు నాకు వెలిగింది. మా లిస్టులో ఎవరు పడతారో, ఎవరు పడరో తేల్చేది ఈ ఒక్క మాటే. లిస్టు రాసేది మగవాళ్లం. మగవాళ్లం మగవాళ్లున్న ఇళ్ల ముందే ఆగుతాం. మగదిక్కు లేని ఇల్లు మిద్దె మీద ఉంటుంది, ఎందుకంటే మీద గదికి బాడుగ తక్కువ. పర్దా పేరు చెప్పి మేం ఎక్కం, పర్దా వల్ల ఆమె దిగదు. మధ్యలో పన్నెండు మెట్లు. మూడో రోజు నుంచి మా ఆవిడను వెంట తీసుకుపోయాను. ఆమె ఎక్కింది, నేను కింద నిలబడి రాసుకున్నాను.

మా వైపు మెట్లెట్లుంటాయో తెలియనోళ్లకు చెబుతాను. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల దిక్కు గనుల్లో దొరికే నాపరాయి, ప్రపంచమంతా కడప బండ అని కొనుక్కునే ఆ నల్లరాయి, మా దగ్గర చవక. బండను గోడలో ఒక చివర దిగేసి రెండో చివర గాల్లోకి వదిలేస్తారు. అదే మెట్టు. పట్టుకోడానికి కమ్మీ ఉండదు. వాన పడితే జారుతుంది. అట్లాంటి మెట్ల పైన ఒక ముసలాయన ఉన్నాడు. మోకాళ్లు పోయాయి. రెండేళ్లుగా జుమ్మాకు దిగలేదు. మస్జిద్ మైకు ఆయన కిటికీకి ఎదురుగానే ఉంది. రోజూ అయిదుసార్లు పిలుస్తుంది. పిలిచేవాళ్లు ఒక్కసారి కూడా పైకి రాలేదు.

ఇంకో మిద్దె మీద కువైట్ నుంచి తిరిగొచ్చిన ఒక ఆమె. మా జిల్లాలో కువైట్ అంటే దూరదేశం కాదు, పక్క ఊరు లెక్క. ఎందరు ఆడవాళ్లు ఖద్దామాలుగా పోయి అరబ్బుల ఇళ్లల్లో పాత్రలు తోమితే ఇక్కడ గోడలు లేచినాయో అందరికీ తెలుసు. ఈమె పంపిన రియాళ్లతో, కాదు కాదు, దీనార్లతో (ఎన్నిసార్లు తప్పు రాశానో వార్తల్లో) ఆడబిడ్డ పెళ్లయింది, మరిది ఆటో కొన్నాడు. నడుము పడిపోయి తిరిగొచ్చాక ఇంట్లో చోటు లేదు. మీద గదిలో ఉంటోంది. కూర్చుని బ్లౌజులకు హుక్కులు కుడుతోంది. ఖాలా చెప్పింది ఈమె గురించే. మా ఆవిడ అడిగిందట, "లిస్టులో పేరెందుకు రాయించుకోలేదు?" అని. "రాయించుకోడానికి కిందికి రావాలి కదా. వస్తే అడుక్కున్నట్టు కాదా?" అందట.

లిస్టులో లేని ఇళ్లు పదకొండు తేలాయి. అందులో తొమ్మిది మిద్దెల మీదవే.

ఇప్పుడు నాకు మంట ఎందుకో చెబుతాను.

కడప జిల్లావాళ్లకు నడక గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. 2003 ఎండల్లో పులివెందుల నాయకుడు వై.ఎస్. రాజశేఖర రెడ్డి చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా నడిచారు, మరుసటేడు ముఖ్యమంత్రి అయ్యారు. 2017 నవంబరు 6న ఆయన కొడుకు జగన్ ఇడుపులపాయలో అడుగేసి, 2019 జనవరి 9న ఇచ్ఛాపురంలో 3,648 కిలోమీటర్ల దగ్గర ఆపారు. 2023లో లోకేశ్ జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మీదుగా నడిచారు. మా జిల్లా పేరు కూడా గడప నుంచి వచ్చిందంటారు, తిరుమలకు గడప అని. 2022లో 'గడప గడపకు' అని కార్యక్రమమే పెట్టారు. ఈ నడకలన్నీ నేను రాశాను. ఇంత పొడుగు నడకలో మెట్లు లేవు. రోడ్డు పక్కకు రాగలిగినవాళ్లే నాయకుడికి కనబడతారు. మిద్దె మీది ఆడమనిషి పిట్టగోడ సందు నుంచి ఊరేగింపు చూస్తుంది.

అయితే న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. 2019 ఆగస్టు నుంచి యాభై ఇళ్లకొక వాలంటీరు తిరిగినప్పుడు, 2024 జూలై నుంచి సచివాలయం వాళ్లు తిరుగుతున్నప్పుడు, ఒకటో తారీకు పింఛను మెట్లెక్కి పోయింది. దిగలేని ఆ ముసలాయన వేలిముద్ర మిషనును చూశాడు. ఎవరు గొప్ప ఎవరు కాదు అనే సియాసత్ నాకొద్దు. నా సవాల్ మనకే. సర్కారు మిషను ఎక్కిన జీనా మన జకాత్ ఎందుకెక్కలేదు? రెండున్నర శాతం లెక్క పైసలతో సహా కట్టేవాళ్లం, అది చేరాల్సిన ఇంటి లెక్క ఎందుకు కట్టలేదు?

మన దగ్గర నడక లేదా? ఉంది. దాన్ని గష్త్ అంటాం. జమాత్ సాథీలు వారానికో రోజు తలుపు తలుపుకూ పోయి నమాజ్‌కు రమ్మని పిలుస్తారు. మంచి పనే. కానీ పిలిచేది మగవాళ్లను, ఆగేది కింది తలుపు దగ్గర. గష్త్ అనే మాట వినగానే నాకు చిన్నప్పటి ఉర్దూ పాఠం గుర్తొస్తుంది. ఖలీఫా హజ్రత్ ఉమర్ రాత్రిపూట మదీనా గల్లీల్లో తిరగడం, ఆకలికి ఏడుస్తున్న పిల్లలను నిద్రపుచ్చడానికి ఒక తల్లి వట్టి నీళ్లు పొయ్యి మీద మరగబెట్టడం, ఆయన పిండి మూట తన వీపు మీదే మోసుకురావడం. ఉర్దూ మీడియంలో చదివిన ప్రతి ఒక్కరికీ ఈ ఖిస్సా వచ్చు. జల్సాల్లో చెప్పి కళ్లు తుడుచుకుంటాం. కథలో ముఖ్యమైన సంగతి పిండి మూట కాదు. ఆయన నడిచాడు. దర్బారులో కూర్చుని "ఎవరన్నా మిగిలిపోయినారా?" అని అడగలేదు.

పొరుగువాళ్లంటే ఎవరని అడిగితే హజ్రత్ హసన్ బస్రీ, ముందుకు నలభై ఇళ్లు, వెనక్కు నలభై, కుడికి నలభై, ఎడమకు నలభై అన్నారట. మొత్తం నూటఅరవై. 2011 జనగణనలో ఒక ఎన్యూమరేటరుకు ఇచ్చిన బ్లాకు కూడా ఇంచుమించు అంతే, ఆరేడు వందల మంది. ఆ టీచర్లు ముందు వీధి నక్షా గీసేవాళ్లు. పక్కా ఇంటికి చదరం, కచ్చా ఇంటికి త్రికోణం. ఇల్లే లేనివాళ్లను లెక్కించడానికి ఫిబ్రవరి 28 రాత్రి విడిగా తిరిగారు. సర్కారుకు తెలిసిన ఈ తరీఖా నలభై ఇళ్ల మాట చెప్పుకునే మనకు తెలియకపోతే ఎట్లా?

ఇంకో శరమ్ ఉంది. నడకలో పదహారో రోజు దూదేకులోళ్ల వీధికి పోయాను. మా ఇంటికి అది పెద్ద దూరం కాదు. సచార్ కమిటీ 2006 రిపోర్టును కంఠతా పట్టి, మైనారిటీల వెనకబాటు మీద పేజీలకు పేజీలు రాసిన నేను, ఆ వీధి చివరిదాకా ఎన్నడూ పోలేదు. ఒక పెద్దాయన మంచం మీద కూర్చుని పరుపు కుడుతున్నాడు. సలాం చెప్పాను. జవాబిచ్చి, "ఏ ఎలక్షను నాయనా ఇప్పుడు?" అన్నాడు. ఎలక్షను కాదని చెప్పాను. "మరి మయ్యత్ ఎవురిది?" అన్నాడు. మనం వాళ్ల వీధికి పోయేది ఆ రెండింటికేనని చెప్పడం అది.

ఉర్దూ రాదని, తెలుగు మాట్లాడతారని, షేకులం సయ్యదులం వాళ్లతో పిల్లనిచ్చి పుచ్చుకోం. సర్కారు లిస్టులో వాళ్లు బీసీ-బి, మనలో కొందరం 2007 తర్వాత బీసీ-ఇ. కాగితాల్లో వేరైతే వేరు గానీ, కిట్ల లిస్టులో కూడా వేరెందుకైంది? వాళ్లు నమాజ్ చదివేది ఏ కిబ్లా దిక్కు? తెలుగులో డిగ్రీ చేసి, తెలుగులో రాసి, తెలుగు ముసల్మాను అని చెప్పుకునే నాకే ఆ వీధి కొత్తదైతే, తప్పు ఉర్దూది కాదు, తెలుగుది కాదు. నా కాళ్లది.

కమిటీలో ఈ సంగతి పెట్టాను. ఒకాయన లేచి, "ఇది తజస్సుస్ అవుతుంది భాయ్, ఇతరుల ఇళ్లల్లోకి తొంగిచూడ్డం హరామ్" అన్నాడు. తొంగిచూడ్డం హరామే. కానీ తలుపు ముందు నిలబడి సలాం చెప్పడం నేర్పిందీ ఆ దీనే. మూడుసార్లు ఇజాజత్ అడుగు, జవాబు రాకపోతే కోపం లేకుండా వెనక్కు తిరుగు అన్నారు. తొంగిచూడకుండా ఎట్లా పోవాలో ఇంత వివరంగా చెప్పారంటే, అసలు పోవద్దని కాదు కదా! ఇంకొకాయన ఇజ్జత్ అన్నాడు. పదిమంది ముందు మస్జిద్ గేటు దగ్గర ఖతారులో నిలబెట్టి, కిట్టు చేతికిచ్చి ఫోటో తీసేటప్పుడు ఈ ఇజ్జత్ ఎక్కడికి పోతుంది?

న్యూయార్కులో విలియం హెల్మ్‌రైచ్ అనే ప్రొఫెసర్ నాలుగేళ్లు తిరిగి ఆ నగరంలోని దాదాపు ప్రతి వీధీ నడిచాడు, ఆరు వేల మైళ్లు. 2013లో పుస్తకం రాశాడు. 2020లో కరోనాకు చనిపోయాడు. జీవితమంతా నగరాల గురించి పాఠాలు చెప్పినాయన కూడా తనకు తెలుసు అనుకోలేదు, నడిచాడు. ఇక మన చెన్నూరెంత, ప్రొద్దుటూరెంత?

జనగణన వస్తోంది. 2011 తర్వాత ఇదే. 2027 మార్చి 1 నాటి లెక్క, ఈసారి కులం కూడా రాస్తారు. పేరు పడనివాళ్లు ఇంకో పదేళ్లు ఉండరు. పైనున్న ఆమె ఆ రోజు కూడా "మగోళ్లు లేరు" అంటే, వచ్చిన టీచరు కింద నుంచే వెళ్లిపోతే, ఆ తర్వాత మనం అన్యాయమని ధర్నా చేస్తామా? ముందు మన నక్షా మనం గీసుకోవాలి.

అందుకే నేనడిగేది మూడే. ఒకటి, ప్రతి మస్జిద్ కమిటీ లిస్టు రాసేవాళ్లలో సగం మంది ఆడవాళ్లుండాలి. వాళ్లు లేకుండా రాసిన లిస్టు కింది అంతస్తు లిస్టే. రెండు, కిట్టు ఇంటికి పోవాలి, ఫోటో లేకుండా. మూడు, దూదేకుల వీధి మన మొహల్లాలోదే అని రాసుకోవాలి. పేపరోళ్లకు, అంటే నాకు, విడిగా ఒకటి: నడవని వీధి మీద వార్త రాయొద్దు.

ఈ మూడూ కమిటీ ఒప్పుకోలేదు. "చూద్దాంలే" అన్నారు. ఆ పదకొండు కిట్లు మా ఆవిడ, ఇంకో ముగ్గురు ఆడవాళ్లు చందా వేసుకుని చేరవేశారు. కువైట్ ఆమె కిట్టు తీసుకుని లోపల పెట్టి, వాళ్లను చాయ్ తాగకుండా పోనివ్వలేదట. ఆ గదిలో ఉన్న రెండు గ్లాసులతో వంతులవారీగా నలుగురికీ పోసిందట. దిగేటప్పుడు మాత్రం ఒక మాటంది: "కిట్టు ఇయ్యకపోయినా మళ్లీ రాండి."