'ధ్రువ' శబ్దంపై అర్థారోపం

ఆంగ్ల 'పోలార్'కు అతిశీతలం, పూర్తి విరుద్ధం అనే అర్థాలున్నంత మాత్రాన తెలుగు 'ధ్రువ' శబ్దానికీ వాటిని అంటగట్టడం అనువాదకుల అలసత్వమే. ధ్రువమంటే నిశ్చలం. పోతన భాగవతం చతుర్థస్కంధంలో ధ్రువుడు పొందినది చలించని పదం, చలిప్రదేశం కాదు. భూభ్రమణంలో కదలని కొనలు కనుకనే అక్షాగ్రాలకు ఆ పేరు తగింది. అక్కడి మంచు శబ్దార్థంలో భాగం కాదు. 'ధ్రువీకరణ పత్రం'లో నేటికీ ఆ స్థిరత్వమే ఉంది. అదే 'ధ్రువీకరణ'ను సమాజం రెండుగా చీలడానికీ వాడితే పాఠకుడు దేనిని గ్రహించాలి? కాంతి విషయంలో 'ధ్రువణం' అని వేరుపరచిన భౌతికశాస్త్ర పరిభాషకున్న జాగ్రత్త పత్రికాభాషకు లేదు. బద్ధవిరోధులను 'భిన్న ధ్రువాలు' అనేవారు, అయస్కాంతపు విజాతి ధ్రువాలు ఆకర్షించుకుంటాయన్న బడిపాఠాన్నీ మరచారు! 'ఎముకలు కొరికే చలి', 'ఉప్పూ నిప్పూ' వంటి నుడికారాలు వాడుకలో ఉండగా ఈ అరువెందుకో వారే చెప్పాలి.