సభకు తెలియకుండా సొమ్ము కదలకూడదు

విశాఖ పౌరులారా!

రుషికొండ మీది హరిత రిసార్టును 2021లో కూల్చారు. పర్యాటక ప్రాజెక్టు పేరుతో 400 కోట్ల రూపాయలకు పైగా పోసి కొత్త భవనాలు కట్టారు. లోపల ఏముందో 2024 జూన్‌లో, ప్రభుత్వం మారాకే జనం కంటపడింది. అవి ఎవరి కోసమన్న వాదన పార్టీలు తేల్చుకోనీ. మా ప్రశ్న ఒక్కటే: ఇంత సొమ్ము కదులుతున్నప్పుడు శాసనసభకు పద్దు పద్దునా లెక్క చెప్పారా?

చట్టసభ ఆమోదం లేనిదే సంచిత నిధి నుంచి పైసా తీయరాదని రాజ్యాంగం 204, 266 అధికరణల్లో శాసించింది. అయితే ఒకే గ్రాంటు లోపల ఒక పద్దు సొమ్మును మరో పద్దుకు మార్చే అధికారం ఆర్థిక శాఖ చేతిలో ఉంది. దాన్నే పునఃకేటాయింపు అంటారు. ఉదాహరణకు, ఆసుపత్రి భవనాల పెట్టుబడి వ్యయం 4210 పద్దులో ఉంటుంది. అందులో ఒక వార్డుకు చూపిన డబ్బు అదే గ్రాంటులోని ఇంకో కట్టడానికి మళ్లాలంటే ఒక్క ఉత్తర్వు చాలు. మరుసటి ఏటి బడ్జెట్‌తో వచ్చే సవరించిన అంచనాల్లో ఒక అంకె తగ్గి, మరొకటి పెరిగి కనిపిస్తుంది. వార్డు ఎందుకు ఆగిందో ఆ పేజీలో ఉండదు. కాగ్ నివేదిక, ప్రజా పద్దుల సంఘం విచారణ వచ్చేసరికి గోడలు లేచిపోయి ఉంటాయి.

అందుకే ఈ ఉద్యమం. మా డిమాండ్లు ఇవీ:

1. భవన పద్దుల మధ్య జరిగే ప్రతి మార్పిడినీ కారణంతో సహా తర్వాతి సమావేశాల తొలి రోజునే సభ ముందుంచాలి.

2. పెద్ద మొత్తాలకు సభ ముందస్తు అనుమతి తప్పనిసరి చేయాలి. ఆ పరిమితి ఎంతో చట్టంలోనే రాయాలి.

3. ప్రభుత్వ కార్పొరేషన్లు, పీడీ (వ్యక్తిగత డిపాజిట్) ఖాతాల ద్వారా కట్టే భవనాలకూ ఇదే నియమం వర్తించాలి.

4. 2021 ఆగస్టులో ఆగిన జీవోల వెబ్‌సైట్ 2024 ఆగస్టులో మళ్లీ తెరుచుకుంది. ఇకపై ఏ ప్రభుత్వమూ దాన్ని మూయకుండా చట్టం చేయాలి.

5. ప్రజా పద్దుల సంఘం అధ్యక్ష పదవిని ప్రతిపక్షానికే ఇవ్వాలి.

గద్దె మీద ఏ పార్టీ ఉన్నా ఇవే అడుగుతాం. ఎవరి జెండా మోయం, ఎవరికీ మినహాయింపు ఇవ్వం. ఉక్కు కర్మాగారం కోసం 1966లో వీధుల్లోకి వచ్చిన నగరం మనది. పోర్టు కార్మికులు, ఉక్కు ఉద్యోగులు, విద్యార్థులు, గృహిణులు అందరూ రండి. మీ ఎమ్మెల్యే ఇంటికి వెళ్లి ఈ అయిదు డిమాండ్ల మీద సంతకం అడగండి. చేయనన్నవారిని ఎందుకో అందరి ముందూ చెప్పమనండి.