నకలా? అసలా?

కంప్యూటర్ ప్రాజెక్టుల ప్రదర్శన అనగానే మనవాళ్ళు తెర వైపే చూస్తారు. రంగులు బాగున్నాయా, మీట నొక్కితే పేజీ మారిందా – అంతే. ఆ అంకెలు తెర మీదికి ఏ దారిన వచ్చాయని అడిగే నాథుడు లేడు. నా గొడవంతా అక్కడే.

క్యూట్ అనే ఉపకరణాన్నే తీసుకుందాం. నార్వేవాళ్ళు తయారు చేసింది, 1995లో బయటికొచ్చింది. 2010లో వచ్చిన 4.7 కూర్పుతో క్యూఎంఎల్ అనే భాష దానికి తోడయింది. తెర ఎలా ఉండాలో క్యూఎంఎల్‌లో రాస్తాం; లెక్కల వ్యవహారం సి ప్లస్ ప్లస్‌లో రాసి కంపైల్ చేస్తాం. ఒక్క అంకెను అటునుంచి ఇటు పంపడం చిటికెలో పని. పేచీ వచ్చేది జాబితా దగ్గర.

సి ప్లస్ ప్లస్ ఫంక్షన్ ఒకటి క్యూవేరియంట్‌లిస్ట్‌ను తిరిగి ఇచ్చిందనుకోండి. ఇటువైపు అది జావాస్క్రిప్ట్ అరేగా చేతికొస్తుంది. వచ్చింది నకలు మాత్రమే. రైతు అడంగల్ నకలు తెచ్చుకుని, ఇంట్లో కూచుని పెన్నుతో విస్తీర్ణం దిద్దుకుంటే ఆఫీసులో రికార్డు మారుతుందా? అక్కడ రికార్డు మారినా ఇంట్లో కాగితానికి తెలుస్తుందా? ఇదీ అంతే.

పూర్ణాంకాల జాబితాను ప్రాపర్టీగా పెడితే కథ వేరు. ఇక్కడ ఒక గడి దిద్దితే అసలులోకీ పోతుంది. కానీ ఆ ఒక్క గడి కోసం జాబితా మొత్తం చదివి, మొత్తం తిరిగి రాస్తుంది. గుప్పెడు గింజల కోసం బస్తా దించి, మళ్ళీ ఎత్తినట్టు! లూపులో పెడితే ఇక చెప్పక్కర్లేదు.

సరైన దారి క్యూఅబ్‌స్ట్రాక్ట్‌లిస్ట్‌మోడల్. డేటా సి ప్లస్ ప్లస్ దగ్గరే ఉంటుంది. ఎన్ని వరసలున్నాయి, ఫలానా వరసలో ఏముంది అని తెర అడిగి తెలుసుకుంటుంది. ఒక వరస మారితే డేటాఛేంజ్‌డ్ అనే సిగ్నల్ పోతుంది. ఆ వరస మటుకే కొత్త విలువ చూపిస్తుంది. రాయడానికి నాలుగు గీతలు ఎక్కువ. మనవాళ్ళు దీన్ని తప్పించుకునేది అందుకే.

ఎందుకింత పట్టింపు అంటారేమో. మాది మిరప పండించే ఇల్లు. యార్డు ధరలు చూపించే ప్రోగ్రామును ఎవరో నకలు జాబితాతో రాశారనుకోండి. లోపల ధర పడిపోయినా తెర మీద పాతదే నిలిచి ఉంటుంది. అది చూసి సరుకెత్తి బయల్దేరినవాడికి లారీ కిరాయి ఎవరిస్తారు? పోనీ, ప్రతిసారీ జాబితా మొత్తం మార్చేస్తే? వ్యూ మొదట్నించీ కట్టుకొస్తుంది. నలభయ్యో వరస చూస్తున్న మనిషి సాధారణంగా మళ్ళీ మొదటి వరస దగ్గర తేలతాడు.

అన్నిటికీ మోడలే కావాలని నేననను. 27 నక్షత్రాల పేర్లకూ 60 తెలుగు సంవత్సరాల పేర్లకూ నకలు చాలు. అవి రేపు మారేవి కావు గదా. మారేదేదో మారనిదేదో ముందు తేల్చుకోవాలి. ఆ తేల్చుకోవడమే మన ప్రాక్టికల్స్‌లో లేదు.

మా విభాగం లెక్చరర్లకు ఒక మనవి. వచ్చే ఏడు ప్రాజెక్టు పరీక్షలో విద్యార్థిని జాబితా మధ్యలో ఒక వరస దగ్గర ఆగమనండి. సి ప్లస్ ప్లస్ వైపు ఆ వరస విలువ ఒక్కటీ మార్పించండి. తెర మీద ఏం జరిగిందో చూసి అప్పుడు మార్కులు వెయ్యండి.