ముందుగాల నువ్వు పెట్టు, ఎన్కసిరి మేమిస్తం

రీయింబర్స్‌మెంట్ అనే మాటకు తెలుగుల పేరు పెట్టినోళ్లు లేరు గని, మన ఊర్లల్ల ఆ మాట తెల్వని ఇల్లు లేదు. ఫీజు సర్కారు కడ్తది అంటరు. సర్కారు బకాయి పెడ్తది. కాలేజోళ్లు సర్టిఫికెట్లు పట్టుకొని కూసుంటరు. షావుకారి దగ్గర కుదువ పెట్టిన బంగారం లెక్క మన మెమోలు ఆళ్ల బీరువల పడి ఉంటయ్. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏ కాలేజీ గూడ తన దగ్గర ఆపొద్దని 2018ల యూజీసీ నోటిఫికేషన్ ఇచ్చింది. ఎంతమంది ఇన్నరో మీకెర్కనే. 2024 అక్టోబర్‌ల ఇవే బకాయిల మీద రాష్ట్రంల ప్రైవేటు డిగ్రీ కాలేజీలు తాళాలేసినయ్. 2025 నవంబర్‌ల ఇంజనీరింగ్ కాలేజీలు సుత బంద్ పెట్టినయ్.

ఇది నడుస్తున్న ముచ్చటనే, మీరందరు చూస్తున్నదే. నేను ఇయ్యాల రాసేది ఇదే రీయింబర్స్‌మెంట్ ఇంకో రెండు మెట్లు పైన ఏం పని చేస్తున్నదో. కాలేజీల పాఠం చెప్పే సార్లు, మేడమ్‌లు, పీహెచ్‌డీ చేసే మన పిల్లలు విదేశంల ఒక సదస్సుకో, ట్రైనింగుకో పోవాలంటె ఆ ఖర్చు ఎవలు పెట్టాలె? కాలేజీ సాయం చెయ్యాలె అని రూల్స్ ఉన్నయ్, పద్దులున్నయ్, ఫారాలున్నయ్. అయినా పోయేది ఎవలు, ఆగిపోయేది ఎవలు?

నాకు తెలిసిన ఒక చెల్లె సంగతి చెప్త. పేరు వద్దు. ఉమ్మడి నల్లగొండ పిల్ల, తండ్రి కౌలుకు పత్తి పెడ్తడు. కెమిస్ట్రీల పీహెచ్‌డీ చేసుకుంట, ఒక డిగ్రీ కాలేజీల గెస్ట్ లెక్చరర్‌గ పీరియడ్ లెక్కన పాఠాలు చెప్తది. ఆమె పని బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్ మీద. జర్మనీల జరిగే ఒక సదస్సుకు పేపర్ పంపితె ఒప్పుకున్నరు. వచ్చి చదువుమని ఉత్తరం వచ్చింది. ఇంట్ల పండుగ. తెల్లారి ఆ ఉత్తరం పట్టుకొని కాలేజీకి పోయింది. పెద్దసారు మంచిగనే మాట్లాడిండు. "పోయి రామ్మా, బిల్లులు పెట్టు, చూద్దాం" అన్నడు.

ఆ "చూద్దాం" అనే మాట దగ్గర్నే కథ మొత్తం ఉన్నది.

లెక్క నాతోనే ఏపిచ్చింది. టికెట్టు, రిజిస్ట్రేషన్ ఫీజు, అయిదు రోజుల బస, తిండి, వీసా, ఇన్సూరెన్స్ కలిపి లక్షా నలభై వేలు. షెంగెన్ వీసా ఫీజు 2024 జూన్ నుంచి 90 యూరోలు. వీసా రాకపోతె ఆ పైసలు వాపస్ రావు. ఇన్సూరెన్స్ 30 వేల యూరోల దాక కవర్ చేసేది ఉండాలె. ఇంక బ్యాంకు స్టేట్‌మెంట్ చూపెట్టాలె. పీరియడ్ లెక్కన జీతం వచ్చే పిల్ల ఖాతల ఏముంటది? ఖర్చు మేమే పెడ్తమని కాలేజీ ముందుగాల్నే కాయితం రాసిస్తె వీసా దగ్గర చాన బలముంటది. "చూద్దాం" అనే మాటకు వీసా ఆఫీసుల విలువ లేదు.

సరే, అప్పు తెస్తది అనుకుందాం. మన దిక్కు నూటికి రెండు రూపాయల మిత్తి. లక్షా నలభై వేలకు నెలకు 2,800. బిల్లు ఎనిమిది నెలలకు పాసైతె మిత్తి 22,400. బిల్లు ఫారంల టికెట్టుకు ఖాన ఉన్నది, టాక్సీకి ఖాన ఉన్నది. మిత్తికి ఖాన లేదు. అంటె కాలేజీ మొత్తం పైసలు నయాపైసతోని సహ ఇచ్చినా గూడ ఆ పిల్ల ఇరవై రెండు వేలు తన సొంతంగ కట్టినట్టే. అదే ఇంట్ల పైసలున్న లెక్చరర్‌కు ఈ ఖర్చు లేదు. ఒకటే పథకం, ఒకటే ఫారం. ఉన్నోనికి ఫ్రీ, లేనోనికి మిత్తి.

ఆమె పోలేదు.

ఇండ్ల నన్ను బాగ గుచ్చిన ముచ్చట ఇంకోటి ఉన్నది. నీళ్లల్ల ఫ్లోరైడ్ తీసేటందుకు నాగపూర్‌ల ఉన్న నీరి సంస్థ ఒక పద్ధతి కనిపెట్టింది. దానికి ప్రపంచమంత పిలిచే పేరే నల్లగొండ టెక్నిక్. ఆఫ్రికాల టాంజానియా, ఇథియోపియా దేశాల్ల గూడ వాడి చూసిన్రు. మన జిల్లా పేరు, మన బొక్కలు వంకర తిరిగిన బాధ ఖండాలు దాటిపోయింది. ఆ నీళ్లు తాగి పెరిగిన పిల్ల పోదామంటె మాత్రం టికెట్టు దగ్గర ఆగింది.

కాలేజీ ఇయ్యకపోతె ఢిల్లీ ఇయ్యదా అని అడుగుతరు. ఇస్తది. ఎట్ల ఇస్తదో చూడుండ్రి. యూజీసీ ట్రావెల్ గ్రాంట్ రూల్స్ చదివితె, పర్మినెంట్ టీచర్లకే అని రాసి ఉంటది. యూజీసీ పైసలు రావాలంటె ముందు ఆ కాలేజీకి 12బీ గుర్తింపు ఉండాలె. మండల కేంద్రాల్ల ఉన్న ప్రైవేటు డిగ్రీ కాలేజీలల్ల చానవాటికి అది లేదు. అంటె గెస్టులు, కాంట్రాక్టోళ్లు, పార్ట్‌టైమోళ్లు మొదటి మెట్టు దగ్గర్నే బయట. మన యూనివర్సిటీలల్ల, డిగ్రీ కాలేజీలల్ల పాఠాలు నడిపిస్తున్నదే సగం ఆళ్లు!

సైన్సోళ్లకు ఇంకో తొవ్వ ఉన్నది. సెర్బ్ అనెటోళ్లు, ఇప్పుడది అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్‌ల కలిసింది. విదేశంల పేపర్ చదివెటోళ్లకు ఎకానమీ టికెట్టు, వీసా, రిజిస్ట్రేషన్ ఫీజు ఇచ్చే పథకం ఆళ్లది. మంచి పథకం. చాన మంది కుర్ర సైంటిస్టులు దాంతోనే మొదటిసారి విమానం ఎక్కిన్రు. కాకపోతె అది గూడ పోయి వచ్చినంక బిల్లులు పెడితె ఇచ్చుడే. పైంగ సర్కారు సొమ్ముతోని పోయే టికెట్టు అంటె బామర్ లారీ, అశోక్ ట్రావెల్స్, ఐఆర్‌సీటీసీ ఈ మూడింట్లనే కొనాలె అని 2022ల కేంద్ర ఆర్థిక శాఖ రూలు గట్టిగ చెప్పింది. తెల్వక ఫోన్ల ఏదో యాప్‌ల చౌకగ దొరికిందని కొంటె బిల్లు ఎన్కకు వచ్చే ప్రమాదమున్నది. ఇసొంటి చిన్న ముచ్చట్లు ఐఐటీల ఉన్న పిల్లగానికి పక్క సీటోడు చెప్తడు. మన కాలేజీల చెప్పెటోడెవడు?

చదువుకు పోయే పథకాలల్ల సుత ఇదే గుణం. మన రాష్ట్రంల అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి 20 లక్షలు ఇస్తది. దాంతోని పోయిన దళిత, ఆదివాసీ పిల్లలు నా ఎరుకల ఉన్నరు, ఆ పథకాన్ని నేను తక్కువ జేసి మాట్లాడ. కని అక్కడ దిగినట్టు కాయితం చూపెడితెనే మొదటి 10 లక్షలు, మొదటి సెమిస్టర్ పాసైతె మిగిలిన 10. అక్కడ దిగేదాక పెట్టుబడి ఎవలిది? ఇంటోళ్లదే. గుంటెడు జాగ అమ్ముడో, కుదువ పెట్టుడో.

ఇప్పుడు న్యాక్ ముచ్చట. కాలేజీకి గ్రేడ్ ఇచ్చే న్యాక్, తన ప్రశ్నలల్ల ఒకటి అడుగుతది: సదస్సులకు, వర్క్‌షాపులకు పోయేటందుకు ఎంత శాతం టీచర్లకు మీరు పైసల సాయం చేసిన్రు? మంచి ప్రశ్ననే. అయితె అది మనుషుల తలలు లెక్కపెడ్తది, ఇచ్చిన సాయం సరిపోయిందా లేదా అని చూడది. పక్క జిల్లాల ఒక్కరోజు వర్క్‌షాపుకు రెండు వేలు ఇచ్చినా ఒక తలే, బెర్లిన్ టికెట్టు ఇచ్చినా ఒక తలే. యాజమాన్యాలకు లెక్కలు మనకన్నా బాగ వస్తయ్. లక్ష రూపాయలు ఒక్కరికిస్తె ఒక టిక్కు, యాభై మందికి రెండు వేల చొప్పున పంచితె యాభై టిక్కులు. ఇగ ఏది చేస్తరో మీరే చెప్పుండ్రి.

"కూట్లె రాయి తియ్యనోడు ఏట్లె రాయి తీస్తడా? కాలేజీల బాత్రూంలు లేవు, ల్యాబుల గాజు గొట్టాలు లేవు, నీకు జర్మనీ కావాల్నా?" అని మన సంఘాలల్లనే కొందరు నన్నడిగిన్రు. ఆ మాటల న్యాయం లేదని అనను. ఒక ఆడపిల్ల బాత్రూం లేక పొద్దంత నీళ్లు తాగకుంట క్లాసుల కూసుంటె అది ముందుగాల తీర్చాలె. అయితె జర్మనీ బందు పెడితె ఆ పైసలతోని బాత్రూం కట్టిన కాలేజీ ఒక్కటి నాకు చూపెట్టుండ్రి. ఆ పద్దుల పైసలు బాత్రూంకు పోవు. అవి ఇప్పుడు గూడ ఎవరో ఒకరికి పోతనే ఉన్నయ్. ముందుగాల పెట్టుబడి పెట్టగలిగినోళ్లకు పోతున్నయ్. నేను మాట్లాడేది గా సంగతే.

అధికారులు చెప్పే అడ్డం ఇంకోటి: అడ్వాన్స్ ఇస్తె పోకుంట తింటరు. నాకు నవ్వొస్తది. కేంద్ర ఉద్యోగి కుటుంబంతోని ఎల్టీసీ మీద ఊర్లు తిరగ పోతె టికెట్టు ఖర్చుల 90 శాతం దాక అడ్వాన్స్ ఇస్తరు. ఆయనను నమ్ముతరు. పేపర్ చదవ పోయే గెస్ట్ లెక్చరర్‌ను నమ్మరు. అంత అనుమానముంటె పైసలు చేతికియ్యకుండ్రి, ఆ మూడు ఏజెన్సీల నుంచి కాలేజే నేరుగ టికెట్టు కొనియ్యుండ్రి. రిజిస్ట్రేషన్ ఫీజు నేరుగ ఆ సదస్సోళ్ల ఖాతాకు కట్టుండ్రి. తినేటందుకు ఏం మిగిలింది ఇగ? అమెరికా పోయే ఫుల్‌బ్రైట్, ఇంగ్లండ్ పోయే కామన్‌వెల్త్ ఫెలోషిప్పులల్ల టికెట్టు ఖర్చు ఆళ్లదే. అప్లికేషన్‌ల నీ పనిని చూస్తరు గని నీ అయ్య ఖాతాను చూడరు.

జర ఒక జాగ్రత్త గూడ చెప్పాలె. విదేశీ పేపర్ అనే ఆశ చుట్టు పెద్ద బజారే లేచింది. హైదరాబాద్‌ల పుట్టిన ఓమిక్స్ అనే ప్రచురణ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016ల కేసేసింది. పరిశోధకులను మోసం జేసిన్రని, పేరున్నోళ్లను అడగకుంటనే ఆళ్ల పేర్లు సదస్సులకు వాడుకున్నరని దాని ఆరోపణ. 2019ల అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగ కట్టుమని తీర్పిచ్చింది. కాబట్టి పంపిన రెండు రోజులకే "మీ పేపర్ అద్భుతం, ఫీజు కట్టండి" అని మెయిల్ వస్తె సంబురపడకుండ్రి. ఆ సదస్సు కమిటీల ఉన్న ఒక ప్రొఫెసర్‌కు, ఆయన యూనివర్సిటీ సైట్ల ఉన్న మెయిల్‌కు రాసి, ఇది మీదేనా అని అడుగుండ్రి. అసలు సదస్సులు పేద దేశాల పిల్లలకు ఫీజు తగ్గిస్తయ్, ట్రావెల్ గ్రాంట్లు ఇస్తయ్. అడిగినోళ్లకే ఇస్తయ్. టికెట్టు మీరే కొని పంపుతరా అని అడుగుడు సిగ్గు ముచ్చట కాదు.

కాలేజీకి దరఖాస్తు పెట్టెటప్పుడు నోటి మాట మీద ఉండొద్దు. ఉత్తరం వచ్చిన నాడే పెట్టుండ్రి, పాస్‌పోర్టు అయితె అంతకన్న ముందుగాల్నే తీసి పెట్టుకోండ్రి. దరఖాస్తుల ఏ ఖర్చు ఎంతో వరుసగ రాయాలె. వేరే దిక్కు నుంచి ఏమన్న వస్తుంటె అది గూడ దాయకుంట రాయాలె. పోయి వచ్చినంక కాలేజీకి ఏం చేస్తరో రాయాలె: ఒక సెమినార్ పెడ్త, ల్యాబుల ఫలాన పద్ధతి నేర్పిస్త, చుట్టు పది ఊర్ల నీళ్లు పరీక్ష చేపిస్త. ఇగ అసలు వాక్యం ఇది, ఇట్లనే దింపుకోండ్రి: "నాకు ముందుగా ఖర్చు పెట్టే శక్తి లేదు. కావున టికెట్టు, రిజిస్ట్రేషన్ ఖర్చును కాలేజీ నేరుగా చెల్లించాలని, లేదా అడ్వాన్సు మంజూరు చేయాలని, కుదరని పక్షంలో కారణాన్ని రాతపూర్వకంగా తెలపాలని కోరుతున్నాను." ఇన్వర్డ్ నంబర్ ఏపిచ్చుకొని ఒక కాపీ దగ్గర పెట్టుకోండ్రి. రాతల "కాదు" అనుడు ఏ ఆఫీసరుకైనా కష్టమే. నోటితోని "చూద్దాం" అనుడు మస్తు అల్కగ అయితది.

ఆ చెల్లె ఈసారి మళ్ల పంపుతున్నది, వేరే సదస్సుకు. ఈ వాక్యంతోని దరఖాస్తు రెడీగ ఉన్నది. ఇగ మీరు చేసేది ఒకటి ఉన్నది. సర్కారు, ఎయిడెడ్ కాలేజీలు సమాచార హక్కు చట్టం కిందికొస్తయ్. 10 రూపాయల ఫీజు, 30 రోజుల్ల జవాబియ్యాలె. అడగాల్సింది ఇంతే: పోయిన ఐదేండ్లల్ల సదస్సులకు, ట్రైనింగులకు మీ కాలేజీ ఎవలెవలికి ఎంత ఇచ్చింది, అండ్ల పర్మినెంటు ఎందరు, గెస్టులు ఎందరు, ముందుగాల ఇచ్చిన్రా పోయి వచ్చినంక ఇచ్చిన్రా, బిల్లు పెట్టిన తారీఖు ఏంది, పైసలు పడ్డ తారీఖు ఏంది. ప్రైవేటు కాలేజైతె న్యాక్‌కు ఇచ్చిన రిపోర్టు ఆళ్ల సైట్లనే ఉంటది, అండ్ల ఆరో భాగం తెరిచి చూడుండ్రి. జవాబులొస్తె ఫొటో తీసి మాకు పంపుండ్రి. జిల్లాల వారీగ లెక్క తీసి ఇదే పేజీల పెడ్తం.