గాలి ఊరిది, బ్రేకు రోడ్డుది

2025 అక్టోబర్ 24, తెల్లవారుజాము. హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న ప్రైవేటు స్లీపర్ బస్సు కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద కాలిపోయింది. రోడ్డు మీద పడి ఉన్న బైకు బస్సు కింద ఇరుక్కుంది, బస్సు దాన్ని ఈడ్చుకుపోతుంటే నిప్పు రాజుకుంది. 19 మంది ప్రయాణికులు బయటపడలేకపోయారు. తెల్లారాక అందరూ అడిగిన మొదటి మాట, కాగితాలు సరిగ్గా ఉన్నాయా అని. ఉన్నాయి. ఫిట్‌నెస్ గడువు తీరలేదు, బీమా ఉంది, టూరిస్టు పర్మిట్ ఉంది. కాకపోతే తెలుగు, కన్నడ నేలల మీద తిరిగే ఆ బస్సు మొదట డామన్-దీవ్‌లో రిజిస్టరై, తర్వాత ఒడిశాకు మారింది. సీట్ల బస్సు పడకల బస్సుగా ఎక్కడ, ఎవరి అనుమతితో మారిందన్న ప్రశ్న ప్రాణాలు పోయాక గానీ పైకి రాలేదు.

ఇదే రహదారి మీద 2013 అక్టోబర్ 30న పాలెం దగ్గర బస్సు తగలబడి 45 మంది చనిపోయారు. అప్పటికీ ఇప్పటికీ నడుమ నిబంధనలు చాలానే మారాయి. బండి తిరిగేది ఒక చోట, అది బాగుందని సంతకం పడేది మరో చోట అన్న తంతు మాత్రం మారలేదు.

వాహన తనిఖీ ప్రాంతానికో తీరుగా ఉండటం మన దేశానికే పరిమితం కాదు. అయితే ఈ తేడాలన్నిటినీ ఒకే గాటన కట్టలేం. పొగ విషయంలో తేడాకు అర్థం ఉంది. ఢిల్లీ శీతాకాలపు గాలికి, అరకు గాలికి ఒకే మందు వేయలేం. కానీ బ్రేకు పట్టకపోతే ఏ రాష్ట్రంలోనైనా జరిగేది ఒకటే. గాలి ఊరిది, బ్రేకు రోడ్డుది. మన వ్యవస్థ ఈ రెండింటినీ కలగాపులగం చేసింది.

బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూసేదెంత?

మోటారు వాహనాల చట్టం, 1988 దేశమంతటికీ ఒక్కటే. దాని కింద 1989లో వచ్చిన కేంద్ర నిబంధనలూ ఒక్కటే. లారీ, బస్సు, ట్యాక్సీ లాంటి రవాణా వాహనాలకు ఎనిమిదేళ్ల వయసు దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. సొంత కారుకు ఆ బాధ లేదు. కొన్న నాటి నుంచి పదిహేనేళ్లు నిండి, రిజిస్ట్రేషన్ పొడిగించుకోవడానికి వెళ్లేదాకా దాని బ్రేకులు ఎలా ఉన్నాయని ప్రభుత్వం తరఫున అడిగేవారు లేరు. బ్రిటన్‌లో కారు మూడో ఏటికే పరీక్షకు వెళ్లాలి, ఆ తర్వాత ఏటా వెళ్లాలి. అదే దేశంలోని ఉత్తర ఐర్లాండ్‌లో మొదటి పరీక్ష నాలుగో ఏట. జర్మనీ, జపాన్‌లలో మొదట మూడేళ్లకు, తర్వాత రెండేళ్లకోసారి.

మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్‌ను మన జనం ఇప్పటికీ బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అనే పిలుస్తారు. బండిని కాస్త దూరం నడిపి, బ్రేకు తొక్కి చూసి సంతకం పెట్టే రోజుల నుంచి వచ్చిన పేరది. కంటిచూపు మీద, కాలి అంచనా మీద నడిచే పరీక్ష మనిషిని బట్టి, ఆఫీసును బట్టి మారుతుంది. ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) పరీక్ష రోజున మంచి టైర్లు అరువు తెచ్చి బిగించి, పని అయ్యాక అరిగిన వాటినే మళ్లీ ఎక్కించడం లారీ అడ్డాల్లో అందరికీ తెలిసిన ముచ్చటే.

దీనికి విరుగుడుగా కేంద్రం ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్లకు 2021లో నిబంధనలు తెచ్చింది. బండి చక్రాలు రోలర్ల మీద తిరుగుతాయి. ఏ చక్రానికి బ్రేకు ఎంత పడుతోందో మిషన్ విడివిడిగా కొలిచి అంకె చూపిస్తుంది. ఎడమ చక్రం గట్టిగా పట్టి కుడిది జారితే ఇట్టే దొరికిపోతుంది. పరీక్షించేవారు రిపేరు షాపు నడపకూడదన్న షరతూ ఉంది. కానీ స్టేషన్ ఉన్న చోట మిషన్ తీర్పు, లేని చోట మనిషి తీర్పు. కాబట్టి ఒకే పేరుతో ఇచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు దేశమంతటా ఒకే విలువ లేదు.

పన్ను ఎక్కడ తక్కువో, తనిఖీ ఎక్కడ వదులో బండి అటే వెతుక్కుంటూ పోతుంది. 2017 ఏప్రిల్ 1 నుంచి పాత ఉద్గార ప్రమాణమైన బీఎస్-3 (భారత్ స్టేజ్-3) వాహనాల అమ్మకం, రిజిస్ట్రేషన్ సుప్రీంకోర్టు ఆదేశంతో ఆగిపోయాయి. అలా మిగిలిపోయిన లారీలను తుక్కు కింద కొని, నాగాలాండ్‌లో బీఎస్-4 బళ్లుగా రిజిస్టర్ చేయించి, ఆపై మన వైపు తెచ్చారన్న ఆరోపణ మీద అనంతపురం జిల్లాలో 2020లో కేసులు నడిచాయి. ఆ లారీల సంఖ్య 150 దాటింది. కోర్టులో తేలేది ఏదైనా, రాష్ట్రాల మధ్య ఉన్న సందు ఎంత వెడల్పో ఆ సంఖ్యే చెబుతోంది.

పొగకు కొలత ఏది?

పెట్రోలు బంకు పక్కన నిలబడే పొల్యూషన్ వ్యాన్‌ను చూడండి. కుర్రాడు సైలెన్సర్‌లో గొట్టం దూర్చి, నంబరు ప్లేటు ఫొటో తీసుకుంటాడు. రెండు మూడు నిమిషాల్లో చీటీ చేతికొస్తుంది. పెట్రోలు బండి ఐడిల్‌లో ఉండగా కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు కొలుస్తారు. డీజిల్ బండికైతే యాక్సిలరేటర్‌ను ఒక్కసారిగా చివరికంటా తొక్కి, వచ్చిన పొగలోంచి వెలుతురు ఎంత దాటుతోందో చూడాలి. సగమే తొక్కితే పొగ తక్కువ వస్తుంది, బండి పాసవుతుంది. ఊపిరితిత్తుల్లో చేరే సన్నటి కణాలనూ, నైట్రోజన్ ఆక్సైడ్లనూ ఈ పరీక్ష అసలు కొలవదు.

యూరప్‌లో కొన్ని దేశాలు ఈ లోపాన్ని పట్టుకున్నాయి. కొత్త డీజిల్ కార్లలో మసిని ఆపే ఫిల్టర్ ఉంటుంది. అది పగిలినా, ఎవరైనా పీకేసినా పాత పొగమీటరు పసిగట్టలేదు. అందుకే 2023 నుంచి జర్మనీ, నెదర్లాండ్స్ కణాలను లెక్కపెట్టే పరికరం వాడుతున్నాయి. ఘనపు సెంటీమీటరుకు జర్మనీలో పరిమితి రెండున్నర లక్షల కణాలు, నెదర్లాండ్స్‌లో పది లక్షలు. పక్కపక్క దేశాల్లో ఒకే కారుకు నాలుగింతల తేడా. అయినా కనీసపు గీత ఒకటుంది. 2014 నాటి యూరోపియన్ యూనియన్ ఆదేశం ప్రకారం ఏ సభ్యదేశమైనా కారును నాలుగో ఏటికల్లా, ఆపై రెండేళ్లకోసారి పరీక్షించాల్సిందే. అంతకంటే కఠినంగా ఉండొచ్చు, వదులుగా ఉండకూడదు.

మనకూ ప్రాంతాల తేడా కొత్త కాదు. 2010 ఏప్రిల్‌లో బీఎస్-4 వచ్చింది హైదరాబాద్‌తో సహా 13 నగరాలకే. మిగతా జిల్లాల్లో చాలాకాలం బీఎస్-3 నడిచింది. దేశమంతటికీ బీఎస్-4 వచ్చేసరికి 2017 అయింది. గంధకం తక్కువ ఉన్న ఇంధనం అన్నిచోట్లకూ చేరకపోవడం అందుకు చెప్పిన కారణం. కారణం నిజమే. కానీ జిల్లాలో రిజిస్టరైన లారీ రాత్రికి నగరంలో సరుకు దించకుండా ఆపే గోడ ఎక్కడుంది?

ఢిల్లీది ఇంకో దారి. పదేళ్లు దాటిన డీజిల్ బళ్లు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బళ్లు తిరగరాదని జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు బలపరిచింది. 2025 జులై 1 నుంచి అలాంటి బళ్లకు బంకుల్లో ఇంధనం పోయవద్దన్నారు, జనం మండిపడగానే కొద్ది రోజుల్లో వెనక్కి తగ్గారు. ఆగస్టు 12న సుప్రీంకోర్టు కేవలం వయసు చూసి చర్యలు తీసుకోవద్దంది. డిసెంబరులో ఆ రక్షణను బీఎస్-4, ఆపై వాహనాలకే పరిమితం చేసింది. అంటే లెక్క వయసు నుంచి ఇంజిన్ ప్రమాణం వైపు జరిగింది. ఇది మేలే. అయితే ఢిల్లీ వద్దన్న డీజిల్ కారు మాయమైపోదు. వేరే రాష్ట్రానికి మార్చుకునేందుకు ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) తీసుకుని, చవకగా చేతులు మారి, హైదరాబాద్‌లోనో విజయవాడలోనో మరో అయిదారేళ్లు తిరుగుతుంది.

అమెరికా చెప్పే పాఠం

డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లానోల్లో ఉంటున్న తెలుగువారికి ఈ తేడా స్వానుభవం. టెక్సస్ 2025 జనవరి 1 నుంచి సొంత కార్లకు భద్రతా తనిఖీ ఎత్తేసింది. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్, ఎల్ పాసో ప్రాంతాల కౌంటీల్లో పొగ పరీక్ష మాత్రం ఉంచింది. కాలిఫోర్నియా రెండేళ్లకోసారి స్మాగ్ చెక్ అనే పొగ పరీక్ష అడుగుతుంది, సొంత కారు బ్రేకులకు మాత్రం ఏటా పరీక్ష పెట్టదు. అక్కడ పొగ పరీక్ష ఎక్కడ ఉండాలో తేల్చేది గాలి. ఓజోన్ పరిమితి బాగా దాటిన నగర ప్రాంతాలకు పరీక్ష తప్పదన్నది సమాఖ్య చట్టం. తేడా ఉంది, దానికో తర్కమూ ఉంది. భద్రతను మాత్రం రాష్ట్రాల ఇష్టానికి వదిలేశారు. మనం తీసుకోవలసింది మొదటిది, వదలవలసింది రెండోది.

అందుకు చట్టాన్ని తిరగరాయనక్కర్లేదు. పొగ పరిమితిని ఆయా నగరాల గాలిని బట్టి బిగించుకునే స్వేచ్ఛ రాష్ట్రాలకు ఉండాలి. బ్రేకులు, టైర్లు, అత్యవసర ద్వారాలకు మాత్రం దేశమంతటా ఒకే కనీస గీత కావాలి, దాన్ని మిషన్ కొలవాలి. బస్సు ఏడాదిలో ఎక్కువ రోజులు తిరిగే రాష్ట్రం దాన్ని మళ్లీ పరీక్షించగలగాలి. టోల్‌గేట్ల ఫాస్టాగ్ లెక్కలు చూస్తే ఏ బస్సు ఎక్కడ తిరుగుతోందో తెలుసుకోవడం కష్టమేమీ కాదు.

ఏ రాత్రయినా తొమ్మిది దాటాక కూకట్‌పల్లిలో బెంగళూరు బస్సుల వరుస చూడండి. ప్రయాణికులు యాప్‌లో కిటికీ పక్క బెర్తు వెతుక్కుంటారు, ఛార్జింగ్ పాయింటు ఉందో లేదో చూసుకుంటారు. నంబరు ప్లేటు మీద ఏ రాష్ట్రం అక్షరాలున్నాయో ఎవరూ చూడరు. చూసినా బండి పన్ను ఎక్కడ కట్టారో తెలుస్తుంది తప్ప, బ్రేకు ఎవరు తొక్కి చూశారో తెలియదు. టికెట్ మీద బెర్తు నంబరు పక్కనే చివరి ఫిట్‌నెస్ పరీక్ష ఏ ఊళ్లో, ఏ తేదీన జరిగిందో, బస్సుకు ఎన్ని అత్యవసర ద్వారాలున్నాయో అచ్చు వేయించడం రవాణా శాఖకు ఒక్క ఉత్తర్వుతో అయ్యే పని. అది చదివాక ఆ బస్సు ఎక్కాలో వద్దో ప్రయాణికుడే తేల్చుకుంటాడు.